పెద్దల చేతిపని – సంఘం శిక్షణ తరగతి

(గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



శిక్షణ తరగతుల విషయంలో సంఘాల బాధ్యత ఏమిటో చెప్పవలసిందిగా మమ్ములను కోరారు. మేము పశువైద్యులము కాము. వ్యవసాయ శాస్త్రజ్ఞులమూ కాము. సహకార డిప్లొమా చదివి, మీ సంఘాల క్యాష్‌బుక్కు, సభ్యుల రిజిస్టరు, పాల కొనుగోలు రిజిస్టరు తిరగవేస్తూ తల నెరిసినవాళ్ళము. కనుక ఈనాడు మేము చెప్పబోయేది పెద్ద పుస్తకాలలోని సంగతి కాదు. మీ పాల కేంద్రాల అరుగుల మీద, మీ పశువుల పాకలలో, మీ కల్లాలలో మేము చూసి తెలుసుకున్నది. అందులో మేము చేసిన పొరపాటు ఒకటున్నది. ముందుగా అదే మనవి చేస్తాము.

సంతకాలున్నవి, పని లేదు

2023 వేసవిలో మా డివిజనులోని ఒక సంఘంలో ఒకరోజు శిక్షణ తరగతి జరిగింది. విషయం వరిగడ్డిని యూరియాతో మాగబెట్టడం. మంచి విషయమే. ఉత్త వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు, నాలుగు పాళ్ళకు మించి ఉండవు. పద్ధతి ప్రకారం మాగబెడితే అది దాదాపు రెట్టింపవుతుంది. గడ్డి మెత్తబడి పశువు ఇష్టంగా తింటుంది. దాణా ఖర్చు కొంత తగ్గుతుంది.

తరగతి బడి గదిలో పెట్టారు. ఉదయం 11 గంటలకు మొదలు. గోడకు బ్యానరు కట్టారు. టీ, బిస్కెట్లు పంచారు. వచ్చిన ఉద్యోగి తెచ్చుకున్న కాగితం చదివారు. ఫొటో తీశారు. హాజరు కాగితం నిండా సంతకాలున్నవి. మేము ఆ సంఘం తనిఖీకి వెళ్ళినప్పుడు ఆ కాగితం చూసి, ఖర్చు వోచర్లు సరిచూసి, మా నివేదికలో "శిక్షణ కార్యక్రమం సంతృప్తికరముగా జరిగినది" అని రాశాము.

మూడు నెలల తరువాత ఇంకొక పని మీద ఆ ఊరు వెళ్ళాము. సాయంత్రం పాలు పోసే వేళ. మాటవరుసకు, "ఎవరెవరు గడ్డి మాగబెట్టారమ్మా?" అని అడిగాము. కార్యదర్శి తల వంచుకుని మిషను తుడవసాగాడు. వరుసలో ఉన్న ఒక సభ్యురాలు క్యాను కింద పెట్టి చెప్పిన మాటలు మాకు ఇప్పటికీ జ్ఞాపకం:

"ఇనస్పెక్టరు గారూ, ఆ కాగితం మీద సంతకం నాది గూడా ఉంది. పొద్దున పాలు పోసేటప్పుడు ముందు పెడితే పెట్టాను. మీరు క్లాసు పెట్టిన వేళకు నేను కాలవ గట్టున గడ్డి కోస్తున్నాను. మా ఆయన క్లాసుకి వచ్చాడు. ఆయన గొడ్డు దగ్గరికే రాడు. యూరియా అంటే చేలో చల్లేది గదండీ. అది గొడ్డు నోట్లో పెట్టమంటే ఎవరన్నా నా కళ్ళ ముందు చేసి చూపించారా?"

ఆమె మమ్ములను తప్పుపట్టలేదు. ఉన్న సంగతి చెప్పింది. కాని ఆ మాటలలో మా నివేదిక మొత్తం కొట్టుకుపోయింది. వేళ తప్పు. పిలిచిన మనిషి తప్పు. చెప్పిన తీరు తప్పు. తరువాత వెళ్ళి చూడకపోవడం అన్నిటికన్న పెద్ద తప్పు. సరుకు గోదాములో ఉన్నదో లేదో చూడకుండా స్టాకు రిజిస్టరు మీద సంతకం పెట్టే ఇన్‌స్పెక్టరును మీరేమంటారు? మేము చేసింది అదే.

తడవని వామి

ఆ ఏడు డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతల వేళ అది. పంట నష్టం సంగతి మీ అందరికీ తెలిసిందే. పాడి రైతుకు దాని వెనుక ఇంకొక నష్టం ఉన్నది. ముందుగా కోసిన చేలలోని గడ్డి అప్పటికే ఇళ్ళు చేరింది. వానలు వెలిసిన పదిహేను రోజులకు ఆ ఊరు వెళితే, ఒక సభ్యుడు తన గడ్డివామి చూపించాడు. పైకి పచ్చగా బాగానే ఉన్నది. చేయి పెట్టి లాగితే లోపల నల్లగా, బూజు పట్టి, వేడిగా ఉన్నది. కొనబోతే గడ్డి లేదు. ఉన్నచోట ధర అందదు. పాలిచ్చే గేదెను ఆయన సంక్రాంతి లోపే అమ్ముకున్నాడు. పాల రిజిస్టరులో ఆయన పేరు ఎదుట ఆనాటి నుంచి గీతలే.

బూజు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. "పారవేయడమెందుకు, గొడ్డు తింటుందిలే" అని కొందరు అంటారు. బూజు పట్టిన చెక్క, మొక్కజొన్న, తడిసి బూజెక్కిన మేత – వీటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. అది పశువు తిన్న మేతలోంచి పాలలోకి దిగుతుంది. పాలు కాచినా పోదు. కిలో పాలలో అది 0.5 మైక్రోగ్రాముకు మించకూడదని మన దేశపు ఆహార ప్రమాణాల నిబంధన. అంటే వామి తడిస్తే పోయేది గడ్డి ఒక్కటే కాదు. సంఘం పాలకున్న మంచి పేరు కూడా పోతుంది.

అదే వీధి చివర ఒక పెద్దాయన ఇల్లు. ఆయన వాకిట ఒక వామి. అదే వాన, అదే గాలి. ఆయన మోచేతి దాకా చేయి లోపలికి పోనిచ్చి పిడికెడు గడ్డి లాగి మా చేతిలో పెట్టారు. పొడిగా ఉన్నది. కొత్తగడ్డి వాసన పోలేదు.

"ఇది ఎట్లా సాధ్యమైంది, పెద్దాయనా?" అని అడిగాము. ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పారు. ఇవి మేము ఆనాడే మా డైరీలో రాసుకున్నాము:

మొదటిది చోటు. నేల మీద వేయకూడదు. రాళ్ళు పేర్చి, పైన తాటి దుంగలు పరచి, గాలి ఆడేటట్లు ఎత్తు చేయాలి. చుట్టూ నీరు పోయే చిన్న గాడి తీయాలి.

రెండవది ఆరుదల. మంచు మీద ఎత్తిన గడ్డి వామికి పనికిరాదు. పిడికెడు తీసుకుని మెలిపెడితే పెళపెళ విరగాలి. చేతికి చల్లగా తగిలితే ఇంకొక ఎండ కావాలి.

మూడవది వరుస. కట్టల మొదళ్ళు బయటికి, కొసలు లోపలికి ఉండాలి. మొదళ్ళ వైపు కొంచెం కిందికి వాలాలి. అప్పుడు పడిన నీరు బయటికి జారుతుంది.

నాలుగవది నడిమి. నడిమి భాగం ఎప్పుడూ అంచులకన్న ఎత్తుగా, తొక్కి నిండుగా ఉంచాలి. నడిమి కుంగిందంటే వామి గిన్నె అయినట్లే. నీరంతా లోపలికే.

ఐదవది పైకప్పు. ఇంటి కప్పు మాదిరి వాలు తీసి, గడ్డి వెంటి పేని అడ్డంగా వేసి, రెండు కొసలకూ రాళ్ళు కట్టాలి. పక్కలు చేతితో దువ్వి కిందికి దించాలి.

"కుప్ప పోయడం వేరు, వామి వేయడం వేరు బాబూ" అన్నారాయన. "ఇప్పుడందరూ కుప్పే పోస్తున్నారు. కోత మిషను వచ్చినాక గడ్డి తునకలు తునకలుగా వస్తుంది. ట్రాక్టరు మీంచి దొర్లించి పోతున్నారు. వామి వేసేవాళ్ళం ఊళ్ళో ముగ్గురం మిగిలాం."

"మరి నలుగురికీ నేర్పరాదా?" అన్నాము.

"అడిగినవాడెవడు?" అన్నారు.

ఇంటికి వస్తూ మాకు మేమే ప్రశ్న వేసుకున్నాము. ఊళ్ళో గురువు ఉండగా, బడి గదిలో బ్యానరు కట్టి కాగితం చదివించాము. తెలిసిన మనిషి ఒకచోట, తెలియవలసిన మనిషి ఒకచోట. మధ్యలో సంఘం ఉన్నది. సంఘం పని ఆ యిద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడం కాదా?

కల్లంలో తరగతి

సంఘం కార్యవర్గం ముందు ఈ మాట పెట్టాము. తీర్మానం జరిగింది. 2024 కోతలు కాగానే, బడి గదిలో కాక, ఆ పెద్దాయన కల్లంలోనే తరగతి. వేళ ఎప్పుడన్నది ఈసారి మహిళా సభ్యులను అడిగాము. "పదకొండు నుంచి రెండు దాకా" అన్నారు. ఉదయం పాలు, వంట, పేడపని అయిన తరువాత, సాయంత్రం పాలకు ముందు. అదే ఖాయం చేశాము.

గురువుకు ఏమివ్వాలన్న చర్చ వచ్చింది. శాలువా కప్పుదామన్నారు కొందరు. మేము ఒప్పుకోలేదు. శాలువా కప్పితే సన్మానం అవుతుంది. పని నేర్పినవారికి పనివాని కూలి ఇవ్వాలి. ఊళ్ళో తాపీమేస్త్రీకి ఇచ్చే కూలి ఇవ్వాలని నిర్ణయించారు. వోచరు రాసేటప్పుడు "హోదా" అన్న చోట ఏమి రాయాలని కార్యదర్శి అడిగాడు. "శిక్షకులు అని రాయండి" అన్నాము. పెద్దాయన ఆ కాగితం రెండుసార్లు చదివించుకుని అప్పుడు సంతకం చేశారు.

ఆ రోజు ఉపన్యాసం లేదు. సభ్యులను నాలుగు జట్లుగా చేశారు. ఒక్కొక్క జట్టు ఒక్కొక్క చిన్న వామి వేసింది. పెద్దాయన కర్ర పట్టుకుని చుట్టూ తిరుగుతూ, నడిమి కుంగినచోట కర్రతో పొడిచి చూపించారు. ఒక జట్టు వామి పక్కకు ఒరిగింది. విప్పించి మళ్ళీ వేయించారు. వెంటి పేనడం ఒక అవ్వ నేర్పింది. పశువును కట్టే ముడి కూడా ఆమే చూపింది. గొడ్డు ఎంత గుంజినా బిగియదు. నిప్పంటుకున్నా, వరద వచ్చినా, మనిషి కొస పట్టి ఒక్క లాగు లాగితే ఊడివస్తుంది. నైలాను తాడు చవక కావచ్చు. కాని మెడ కోసుకుపోయి పుండ్లు పడిన గేదెలను మీరూ చూశారు, మేమూ చూశాము. గోగునార పలుపు అట్లా కోయదు.

తరువాత అదే కల్లంలో యూరియా పని చూపించారు. పశువైద్యశాల నుంచి వచ్చిన సహాయకుడు యువకుడు. తూకం వేసింది మాత్రం మొదట మమ్ములను ప్రశ్నించిన సభ్యురాలే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీరు. యూరియా నీటిలో పూర్తిగా కరగాలి. గడ్డి పొరలు పొరలుగా పరచి, ప్రతి పొర మీద సమంగా చిలకరించి, తొక్కి, గాలి చొరకుండా టార్పాలిను కప్పి, 21 రోజులు ఉంచాలి. తీసిన గడ్డిని కొంతసేపు గాలికి ఆరనిచ్చి, ఘాటు పోయిన తరువాతనే వేయాలి. మొదట కొంచెంగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా నీరు ఉన్న తొట్టి పశువుకు అందేచోట ఎప్పుడూ ఉంచకూడదు. తాగితే ప్రాణం పోతుంది. ఈ జాగ్రత్తలు మూడుసార్లు చెప్పించాము.

పెద్దాయన నిలబడి అంతా చూసి, "తొక్కడం మీకు చేతకావడంలేదు, నేను తొక్కి చూపిస్తాను" అని దిగారు. పాత పనివాడి కాలు, కొత్త శాస్త్రం కొలత – రెండూ ఒకే కుప్ప మీద పడినవి.

జున్నుపాల దగ్గర వచ్చిన చిక్కు

భోజనాలైనవి. చెట్టు కింద కూర్చుని మాటలలో పడ్డాము. ఈనిన పశువు సంగతి వచ్చింది. అప్పుడు ఆ పెద్దాయన, "మావి పడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానివ్వకూడదు. జున్నుపాలు ముందే తాగితే దూడకు అరగదు, తల్లికి మావి పడదు" అన్నారు. చాలామంది తలలు ఊపారు.

ఇది తప్పు. మీలో కొందరి ఇళ్ళలో ఇప్పటికీ ఈ తప్పు జరుగుతున్నది. పశువైద్య సహాయకుని ముఖం ఎర్రబడింది. ఆయన మావైపు చూశాడు. మేము ఏమి చేయాలి? కాదంటే, ఉదయం గురువుగా కూర్చోబెట్టిన మనిషిని మధ్యాహ్నం నలుగురిలో చిన్నబుచ్చినట్లు. ఊరుకుంటే, మరుసటి వారం ఎవరింట్లోనో ఒక దూడ పోతుంది. దాచుకోవడమెందుకు, ఒక నిముషం ఊరుకుందామనే అనుకున్నాము.

తూకం వేసిన సభ్యురాలే లేచింది. ఆయన ఆమెకు వరుసకు మామ. "మామయ్యా, నా గేదె నాలుగు ఈతలు ఈనింది. రెండు ఈతల్లో మావి పడేదాకా దూడను ఆపాను. రెండూ పోయినాయి. ఇంకో రెండు నేను చేలో ఉండగా ఈని, నేను వచ్చేటప్పటికే దూడ తాగేసింది. ఆ రెండూ బతికినాయి. నా రాత అనుకున్నాను గాని, ఎందుకో అని ఎవర్నీ అడగలేదు" అన్నది.

నాలుగు ఈతల లెక్క శాస్త్రం కాదు. కాని ఆ మాటతో సహాయకునికి నోరు పెగిలింది. ఆయన మర్యాదగా, "తాతగారూ, ఒక్క మాట" అని మొదలుపెట్టాడు. పుట్టిన దూడకు రోగాన్ని తట్టుకునే శక్తి సొంతంగా ఉండదు. అది జున్నుపాలలో ఉంటుంది. దూడ పేగు ఆ శక్తిని లోపలికి తీసుకోవడం మొదటి గంటలలోనే బాగా జరుగుతుంది. గంట గంటకూ తగ్గిపోయి, ఒక రోజు దాటేసరికి ఆ దారి మూసుకుపోతుంది. అందుకని పుట్టిన అరగంట నుంచి రెండు గంటల లోపు మొదటిసారి తాగించాలి. మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదవ వంతు పట్టాలి. ముప్పై కిలోల దూడకు మూడు లీటర్లు. రెండు మూడు విడతలుగా పట్టాలి. పైగా దూడ చీకినప్పుడు తల్లి ఒంటిలో పాలు చేపించే మందు లాంటిది ఊరుతుంది. అది గర్భసంచిని ముడుచుకునేటట్లు చేసి మావి పడడానికి సాయం చేస్తుంది. అడ్డు కానే కాదు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన నేల మీద పుల్లతో గీస్తూ కూర్చున్నారు. చివరకు, "మా అమ్మ చెప్పింది. ఆమెకు వాళ్ళమ్మ చెప్పి ఉంటుంది. పోయిన దూడల్ని ఎవరూ లెక్కపెట్టలేదు" అన్నారు. తరువాత ఆ యువకునితో, "ఈ మాట నువ్వు చెబితే సగంమంది వింటారు. నేను చెబితే అందరూ వింటారు. ఊళ్ళో నన్ను చెప్పనీ" అన్నారు. చెప్పారు కూడా.

పరీక్షించి పోయించుకోవాలి

ఈ ప్రసంగంలో మేము చెప్పదలచిన అసలు మాట ఇదే. పాల కేంద్రంలో మీరు ఏమి చేస్తారు? ఎవరి క్యాను అని చూడరు. పెద్దింటి పాలా, పేదింటి పాలా అని చూడరు. శాంపిలు తీసి, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూసి, తరువాతనే రాసుకుంటారు. చూడకుండా పోయించుకుంటే ఒక్క క్యాను మొత్తం కూలరును చెడగొడుతుంది. చూడకుండా వెనక్కి పంపితే మంచి పాలు పోసిన సభ్యునికి అన్యాయం. పెద్దల విద్యను కూడా అట్లాగే చూడాలి. పాతది గనుక గొప్పదని నెత్తిన పెట్టుకోవద్దు. పాతది గనుక పనికిరాదని పారబోయవద్దు.

మన పెద్దల విద్యలో పరీక్షకు నిలవనివి ఉన్నవి. జున్నుపాలు ఆపడం ఒకటి. జబ్బు చేసిన పశువుకు వాతలు పెట్టడం ఒకటి. దూడ బొడ్డుకు పేడ, మట్టి పూయడం ఒకటి. బొడ్డుకు పూయవలసింది టింక్చరు అయోడిను.

పరీక్షకు నిలిచినవీ ఉన్నవి. పొదుగువాపుకు కలబంద, పసుపు, సున్నం పూయడం అటువంటిదే. మన ఇళ్ళలోని ఈ వస్తువులతో చేసే వైద్యాన్ని జాతీయ డెయిరీ అభివృద్ధి బోర్డు పాల సంఘాల ద్వారా స్వయంగా ప్రచారం చేస్తున్నది. కలబంద 250 గ్రాములు ముళ్ళు తీసి, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి రుబ్బితే ఎర్రటి ముద్ద అవుతుంది. పొదుగు కడిగి, పాలు పూర్తిగా పిండివేసి, పిడికెడు ముద్దను 150 నుంచి 200 మిల్లీలీటర్ల నీటిలో కలిపి పొదుగంతా పూయాలి. రోజుకు 10 సార్లు చొప్పున 5 రోజులు. ముద్ద ఏ రోజుకారోజు కొత్తగా రుబ్బుకోవాలి. అయితే ఒక హెచ్చరిక. పశువుకు జ్వరం వచ్చినా, మేత మానినా, పాలలో చీము కనబడినా ఆలస్యం చేయక డాక్టరును పిలవండి. సూదిమందు పడిన పశువు పాలు డాక్టరు చెప్పిన గడువు తీరేదాకా కేంద్రంలో పోయకండి. వ్యాధిని ముందే పట్టుకోవడానికి ప్రతి పూటా మొదటి నాలుగు ధారలు నల్లగుడ్డ కట్టిన గ్లాసులోకి పిండి చూడండి. తునకలు కనబడితే తెలిసిపోతుంది. ఇది ఖర్చు లేని పరీక్ష.

ఇట్లా ఊరివారే ఊరివారికి నేర్పడం కొత్త సంగతి కూడా కాదు. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాత పంటల జాతర పేరిట ఎడ్లబండ్ల మీద చిరుధాన్యాల విత్తనాలు ఊరూరా తిప్పి, ఏ విత్తనం ఏ నేలకో చెప్పుకున్నవి. అక్కడ గురువులు ఆ పేద మహిళా రైతులే. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమంవారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా అనుభవం గల రైతునే తోటి రైతుకు శిక్షకునిగా నిలబెట్టింది. 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి ఎకరాకు జీవామృతం చేసుకోవడం వేలాదిమంది నేర్చుకున్నది పక్క చేను రైతు వద్దనే. ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతిలో భాగం లభించింది.

సంఘం చేయవలసిన పనులు

కనుక సంఘాలకు మా సూచనలు ఇవి.

1. ముందుగా ఊళ్ళో ఎవరికి ఏ పని వచ్చునో ఒక పుస్తకంలో రాయండి. వామి వేసేవారు, పలుపు పేనేవారు, తడికె అల్లేవారు, ఈత వేళ అనుభవం గలవారు, పచ్చిగడ్డి పాతర వేయడం తెలిసినవారు. వయసు కూడా రాయండి. ఎవరి తరగతి ముందు పెట్టాలో దానిని బట్టి తెలుస్తుంది.

2. వేళ, చోటు మహిళా సభ్యులను అడిగి పెట్టండి. పాకలో పని చేసే చేతులే తరగతికి రావాలి.

3. ఒక రోజుకు ఒకే పని. చెప్పడం తక్కువ, చేయించడం ఎక్కువ.

4. ప్రతి తరగతికీ పశువైద్యశాల నుంచి ఒకరిని పిలవండి. పెద్దలు చెప్పినదానిని వారు, వారు చెప్పినదానిని పెద్దలు పరిశీలించాలి. తేడా వస్తే నలుగురిలో మర్యాదగా తేల్చుకోవాలి. దాటవేయవద్దు.

5. నేర్పినవారికి కూలి ఇవ్వండి, వోచరు రాయండి. మహాజనసభలో విద్య పద్దు కింద కొంత సొమ్ము మంజూరు చేయించుకోండి. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో సంఘం పెట్టుకున్న కార్మికులు తరువాతి కాలంలో లాభంలో నూటికి రెండున్నర చదువు కొరకు తీసి ఉంచారు. అంతర్జాతీయ సహకార కూటమి 1995లో ఆమోదించిన ఏడు సూత్రాలలో అయిదవది విద్య, శిక్షణ, సమాచారం. 2025ను ఐక్యరాజ్య సమితి సహకార సంవత్సరంగా జరిపింది. మన సంఘాలు ఈ సూత్రాన్ని గోడ మీద రాసినంతగా పద్దులో రాయడంలేదు.

6. మూడు నెలల తరువాత ఇళ్ళకు వెళ్ళి చూడండి. ఎందరు వచ్చారన్నది కాదు, ఎందరి పాకలో పని నిలిచిందన్నది రాయండి. ఇకముందు మేమూ తనిఖీలో ఆ పుస్తకమే అడుగుతాము. హాజరు కాగితం చూపితే చాలదు.

మేము చెప్పిన సంఘంలో మూడు నెలల తరువాత చూశాము. అంతా బాగుందని చెప్పము. పద్ధతి ప్రకారం వేసిన వాములు పదకొండు ఉన్నవి. అందులో రెండు వంకరగా ఉన్నవి. ఒకటి కూలితే మళ్ళీ వేసుకున్నారు. యూరియా గడ్డి నాలుగు ఇళ్ళలోనే సాగుతున్నది. మిగతావారికి ఇంకా భయం తీరలేదు. మళ్ళీ చూపించాలి. యువకులు తక్కువగా వచ్చారన్నది నిజం. కోత మిషను గడ్డి వామికి పాతకాలపు కట్టగడ్డి అంత అనువుగా ఉండదన్నదీ నిజం. చుట్టలు చుట్టే యంత్రం దొరికినచోట ఆ చుట్టలనే ఎత్తయిన దుంగల మీద, నడిమి ఎత్తు చేసి పేర్చుకోవచ్చునని ఆ పెద్దాయనే చెప్పారు. విద్య తెలిసినవాడు కొత్త సరుకుకు దానిని మార్చుకోగలడు. తెలియనివానికి మార్చుకునేందుకు ఏమీ ఉండదు.

2025 వేసవిలో ఆ పెద్దాయన కాలం చేశారు. తరగతి ఒక్క ఏడు ఆలస్యమై ఉంటే ఆ వామి కూడా ఆయనతోనే పోయేది. ఆ తరువాతి కోతలలో మేము ఆ ఊరు వెళ్ళేసరికి ఆయన వాకిట వామి లేచి ఉన్నది. వేసింది ఎవరని అడిగాము. ఆయన కొడుకులు ఊళ్ళో లేరు. ఆనాడు తూకం వేసిన సభ్యురాలు, ఇంకొక నలుగురు ఆడవాళ్ళు కలిసి వేశారట. "నడిమి కుంగిందేమో కాస్త చూడండి ఇనస్పెక్టరు గారూ" అన్నదామె. మేము చుట్టూ తిరిగి చూశాము. కుంగలేదు. ఆ సంగతి ఈసారి నివేదికలో రాశాము. చూసి రాశాము.

మీ మీ ఊళ్ళలోనూ అటువంటి పెద్దలున్నారు. వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో ఈ విషయం చేర్చి, ఒక్క తరగతికైనా తేదీ ఖాయం చేయవలసిందిగా కోరుతున్నాము.